ఖబూరా దారిలో ప్రభువుగారి విచారణ

చరిత్ర పాఠం చెప్పడానికి కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న కుర్ర టీచర్లు కొందరు నన్ను అడుగుతుంటారు, మీ అనుభవాలు ఏమైనా రాయండి టీచర్ అని. సిలబస్ ఎప్పటికి పూర్తి చేయాలి, పేపర్లు ఎలా దిద్దాలి, ఇన్‌స్పెక్షన్ రోజున ఎంత మెత్తగా మాట్లాడాలి లాంటివి నేను రాయను. అవన్నీ స్టాఫ్‌రూమ్‌లో మీ పక్క కుర్చీ ఆవిడ నాకంటే బాగా చెబుతుంది. టీ కూడా ఇస్తుంది.

నేను మస్కట్‌లో ఒక భారతీయ పాఠశాలలో చరిత్ర చెప్పి మొన్ననే రిటైరయ్యాను. మా వారి ఉద్యోగం ఇంకా సాగుతోంది కాబట్టి ఆ ఊళ్ళోనే దార్సైట్ పేటలో పాత ఫ్లాట్‌లో ఉంటున్నాం. సాయంత్రం కృష్ణుడి గుడికి వెళ్తే పాత విద్యార్థులు ఎవరో ఒకరు ఎదురవుతారు. నా పేరు కంటే ముందు వాళ్ళకు గుర్తొచ్చేది "ప్రభువు". ఆ ప్రభువు గురించి, ఆయన్ని వెంటబెట్టుకుని మేము వెళ్ళిన ఒక ప్రయాణం గురించి ఇక్కడ రాస్తాను. నా ఉద్యోగం అసలు ఏమిటో నాకు తెలిసింది ఆ రోజునే.

ప్రభువు

ఆయన పేరు రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్ తీసి వెతుకుతారు, ఏ సంవత్సరంలో ఏ పదవి అని నాలుగు ముక్కలు చదివి మనిషి తెలిసిపోయాడనుకుంటారు. క్లాసులో కూడా చివరి రోజు దాకా పేరు చెప్పేదాన్ని కాదు. పిల్లలు పేరు తెలియని మనిషిని గమనించినంతగా పేరున్న మనిషిని గమనించరు.

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో, తరతరాలుగా రాజ్యం నడిపిన ఇంట్లో పుట్టాడాయన. పుట్టుక గొప్పదే కానీ చిన్నతనం గొప్పది కాదు. బక్కపలచని ఒళ్ళు, చూపు సరిగా ఆనదు. బడిలో తోటి పిల్లలు ఎంత ఏడిపించారంటే, సెలవుల్లో లండన్‌లో ఉన్నప్పుడు వాళ్ళు ఎదురుపడతారేమోనని పెద్ద వీధులు వదిలి సందుల్లో నడిచేవాడు. ఇక్కడికి రాగానే మా క్లాసులో వెనక బెంచీలో ఎవరో ఒకరు తల దించుకునేవారు. వాళ్ళెవరో గుర్తు పెట్టుకునేదాన్ని.

ఇంటికి పెద్దకొడుకు కాదు. తండ్రికి ఇష్టం లేని పెళ్ళి చేసుకున్నాడు. ప్రభువుల బిడ్డ అయివుండీ పత్రికలకు వ్యాసాలు రాసి సంసారం నడిపాడు. అన్న పోవడంతో వారసుడయ్యాడు. పార్లమెంటులో వాడి నాలుక ఉన్నవాడని పేరు తెచ్చుకున్నాడు. నడివయసు రాకముందే మన దేశపు వ్యవహారాలు చూసే మంత్రిగా లండన్‌లో కూర్చున్నాడు.

కూర్చున్న కొత్తలోనే ఒరిస్సాలో కరువు ముదురుతోందని కబురు వచ్చింది. అక్కడున్న అధికారులు భయపడాల్సింది లేదన్నారు. అక్కడున్నవాళ్ళకు తెలియనిది లండన్‌లో ఉన్న తనకేం తెలుస్తుందని ఆయన వారాల తరబడి ఏమీ చేయలేదు. జనం లక్షల్లో పోయారు.

ఆ తరువాత ఆయన ఒకటికి మూడుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. తన భవంతికి కరెంటు దీపాలు పెట్టించి, తీగలు నిప్పురవ్వలు చిమ్మితే ఇంటివాళ్ళు దిండ్లు విసిరి ఆర్పేవారట. పెద్దతనంలో మూడు చక్రాల సైకిల్ తొక్కేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. నవ్వు ఆగాక చెప్పేదాన్ని, ఇంత పెద్ద జీవితంలో ఈయన మనసులోంచి పోనిది ఆ కరువేనని, అందులో తన తప్పు లేదని తనకు తాను ఎన్నడూ చెప్పుకోలేకపోయాడని.

కొత్త టీచర్లు సాధారణంగా చేసే పొరపాటు ఇక్కడే. ప్రభువును దుర్మార్గుణ్ణి చేసేస్తారు. పిల్లలు హాయిగా తిట్టుకుని, తాము వేరే జాతి మనుషులమనుకుని, గంట కొట్టగానే టిఫిన్ డబ్బా తెరుస్తారు. చరిత్ర పాఠం విన్నాక పిల్లవాడికి కాస్త ఇబ్బందిగా ఉండాలి. లేకపోతే మీరు చెప్పింది కథ.

నిఖిత వాదన

ఒక ఏడాది, మస్కట్‌కు రెండు గంటల దూరంలో ఉన్న ఖబూరా ఊరి దగ్గర ఒక స్కూలు వాళ్ళు పోటీ పెట్టారు. చరిత్రలో ఒక మనిషిని బోనులో నిలబెట్టి విచారణ చేయాలి. పిల్లలే లాయర్లు, పిల్లలే ముద్దాయి. మేము ప్రభువును ఎంచుకున్నాం. ప్రభువు వేషం నిఖితకు ఇచ్చాను.

నిఖితది పదకొండో తరగతి. సొంత ఊరు జగిత్యాల వైపు. తల్లితో దార్సైట్‌లో ఉండేది. తండ్రి లింగయ్య ఖబూరా అవతల ఒక రోడ్డు సైట్‌లో ఫోర్మన్. గురువారం డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, శనివారం సాయంత్రానికి మళ్ళీ వెళ్ళిపోయేవాడు. స్కూలుకు ఒక్కసారి కూడా రాలేదు. ఇంగ్లీషులో ఎవరైనా పలకరిస్తే ఏం చేయాలని భయమట. ఆ మాట నిఖితే నాకు నవ్వుతూ చెప్పింది, చెప్పాక మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ పిల్లకు ముక్కు మీద కోపం, దాని వెనకాల మంచి బుర్ర. ప్రభువు తరఫున ఆమె వాదన ఎవరికీ లొంగలేదు. స్టేజి మీద ఇంగ్లీషులో చెప్పేదే అయినా, నాతో ఒంటరిగా ఉంటే తెలుగులో దంచేది.

"ఆయన లండన్‌ల ఉన్నడు టీచర్. ఒరిస్సా ఆయన కండ్లకు కనవడ్తదా? ఆడ ఉన్నోళ్ళు ఏం గాదన్నరు. ఉన్నోళ్ళ మాట నమ్మిండు. నమ్ముడు తప్పా? మీరైతే ఏం జేద్దురు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది ఒప్పుకోవడానికి టీచర్లు సిగ్గుపడనక్కర్లేదు, క్లాసులో జవాబు లేని ప్రశ్న ఒకటి తిరుగుతుంటే పాఠం బతికే ఉందన్నమాట.

నవ్వే బాసు

మా వైస్ ప్రిన్సిపాల్ ప్రసాదరావు గారిది గుంటూరు వైపు. గొంతెత్తి ఎరగడు. అరిచే బాసుకు భయపడకండి, అరిచి అలసిపోతాడు. నవ్వుతూ మాట్లాడే బాసును కనిపెట్టి ఉండండి. ప్రసాదరావు గారు చెడ్డవాడని కాదు. స్కూలు కోసం రాత్రీపగలూ కష్టపడ్డాడు. కానీ ఆఫీసు గది అద్దాల బీరువాలో ఖాళీగా ఉన్న అర చూస్తే ఆయనకు నిద్ర పట్టదు, అక్కడ షీల్డు ఉండాల్సిందే.

పోటీ రోజు పొద్దున వాతావరణం వాళ్ళ హెచ్చరిక ఫోన్లలో వచ్చింది, కొండల వైపు వాన పడవచ్చని. నేను వెళ్ళి చూపించాను. ఆయన కిటికీ తెర పక్కకు జరిపాడు. బయట ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

"ఇంత ఎండ కాస్తంటే ఇంకేం వానండీ మేడమ్? ఈ మెసేజీలు వాళ్ళు రోజూ పంపిస్తానే ఉంటారు. మీరు ధైర్యంగా వెళ్ళి రండి. షీల్డుతో రండి."

బయలుదేరాం.

నీళ్ళు

ఈ దేశంలో వాన సంగతి కొత్తవాళ్ళకు అర్థం కాదు. వాన కొండల మీద పడుతుంది. మనం ఉన్న చోట చినుకు ఉండదు. ఏళ్ళ తరబడి ఎండి, రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేని వాగులోకి ఉన్నట్టుండి వరద దిగుతుంది. ఆ వాగుల్నే ఇక్కడ వాదీ అంటారు. చిన్న రోడ్లు చాలా చోట్ల వంతెన లేకుండా వాదీ అడుగులోకి దిగి అవతల ఎక్కుతాయి. లోతు తెలియడానికి పక్కన ఎరుపు తెలుపు రంగుల గుంజలు పాతి ఉంటాయి. నీళ్ళు పారుతున్నప్పుడు దాటకూడదని చట్టం ఉంది. దాటేవాళ్ళు దాటుతూనే ఉంటారు.

మనవాళ్ళకు ఇంకో జబ్బు ఉంది. నీళ్ళంటే మనకు పండగ. మబ్బు పట్టిందంటే చాలు, పులిహోర డబ్బాలకెత్తుకుని కార్లేసుకుని వాదీ పారేది చూడటానికి పోతారు. పిల్లల్ని ఒడ్డున నిలబెట్టి ఫోటోలు తీస్తారు. నేనేం తక్కువ తినలేదు. మాది అనంతపురం జిల్లా. పారే నీళ్ళు కనిపిస్తే నా కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. కరువు చూసినవాళ్ళకు నీటిని చూసి భయపడటం చేత కాదు. ఒమానీ పిల్లలకు ఇంట్లో నేర్పే ఆ భయం మా ఇళ్ళల్లో ఎవరూ నేర్పలేదు.

అందుకే, హైవే వదిలి కొండల వైపు తిరిగిన కాసేపటికి రోడ్డు వాదీలోకి దిగే చోట బూడిద రంగు నీళ్ళు పలచగా రోడ్డు దాటుతూ కనిపించేసరికి, బస్సులో పిల్లలంతా ఒక్కసారి హోరెత్తారు. చప్పట్లు, ఈలలు. నాకూ నవ్వు వచ్చింది. అప్పుడు ఎడమ పక్కకు చూశాను. కొండలు కనబడటం లేదు. కొండలు ఉండాల్సిన చోట నల్లగా ఉంది.

"ఆపు మస్తాన్ భాయ్," అన్నాను.

మస్తాన్ భాయ్ మా బస్సు డ్రైవరు. కడప మనిషి, ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో సీమ తెలుగు. బస్సు ఆపి వెనక్కు తిరిగి నా మొహం చూశాడు, నాకేమైనా కళ్ళు తిరుగుతున్నాయేమోనని.

"ఏంటికి మేడమ్?"

"నీళ్ళు పారుతాండాయి."

"ఇదొక నీళ్ళా? చెప్పులు గూడా తడవవు. నేనీ దావలో ఎన్నిసార్లు దాటినానో ఆ అల్లాకే తెలుసు."

"దాటినావులే. ఈసారి వద్దు."

నేను చూస్తుండగానే ఒక ట్యాక్సీ మమ్మల్ని దాటుకుని వెళ్ళి, నీళ్ళు చిమ్ముతూ అవతల గట్టెక్కింది. దాని వెనక ఒక కూరగాయల పికప్. మస్తాన్ భాయ్ స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేశాడు. అతనికి అవమానంగా ఉందని నాకు తెలుస్తోంది. పనిమంతుడైన డ్రైవరును పిల్లల ముందు ఆపడం చిన్న విషయం కాదు.

నాకు వాదీల గురించి ఏమీ తెలియదు. నాకు తెలిసిందల్లా నాకు తెలియదన్న సంగతి, బస్సు నిండా పిల్లలున్నారన్న సంగతి.

ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను.

"ఇప్పుడే అవతల స్కూలు వాళ్ళతో మాట్లాడానండి మేడమ్. అక్కడ చుక్క వాన లేదంట. డ్రైవరేమంటన్నాడు?"

"పోవచ్చంటున్నాడు."

"మరింకేమండీ! రోజూ తిరిగే మనిషి. అక్కడున్నవాళ్ళంతా పర్లేదంటంటే మీకొక్కరికే ఎందుకండీ ఇంత అనుమానం?"

"అక్కడున్నవాళ్ళంతా" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా క్లాసులో నేను చెబుతున్న మాట అది. ప్రభువు చెవిలో కూడా ఎవరో ఇంత మర్యాదగానే చెప్పివుంటారు.

"నేను దాటించను సార్," అన్నాను.

"సరే లెండి. మీరు వచ్చాక మాట్లాడుకుందాం," అన్నాడు నవ్వుతూనే. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. తరువాత నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆ కాగితాల గొడవ ఎవరికి కావాలి, వదిలేస్తున్నాను.

లింగయ్య ఫోన్

పిల్లల్ని దింపి ఒడ్డుకు బాగా పైన నిలబెట్టాను. సంబరమంతా పోయి గొణుగుడు మొదలైంది. నెలల తరబడి తయారైనవాళ్ళు, కోపం రాదా? నిఖిత మాత్రం గొణగలేదు, నేరుగా నా మీదికి వచ్చింది. ప్రభువు నల్లకోటు వేసుకునే ఉంది.

"అందరు దాటుతున్నరు టీచర్. మనమే ఎందుకాగినం? మా నాయిన ఆడికొచ్చి కూసున్నడు తెల్సా?"

నాకు తెలియదు. లింగయ్య సైట్ నుంచి నేరుగా పోటీ జరిగే స్కూలుకు వచ్చేశాడట. ఆమె అప్పటికే అతనికి ఫోన్ కలిపింది. స్పీకర్‌లో అతని గొంతు వినిపించింది.

"నేను పొద్దుగాల గదే వాదీ దాటొచ్చిన బిడ్డా. అప్పుడు తడి గూడ లేదు. మీ టీచరమ్మకియ్యి ఫోను."

తీసుకున్నాను.

"నమస్తే టీచరమ్మా. ఇంజినీరును బతిలాడి పర్మిషన్ తీస్కొని వచ్చిన. ఈడ మంది నడుమ ఒక్కణ్ణే కూసున్న. నా బిడ్డ స్టేజి మీద మాట్లాడంగ ఒక్కసారన్న సూడలే. రాండ్రి టీచరమ్మా. ఏం గాదు."

"లేదు లింగయ్యగారూ. కొండల మీద వాన పడుతోంది. పిల్లలున్నారు, నేను దాటించలేను."

"అండ్ల నా బిడ్డ గూడ ఉన్నది గదా. నా బిడ్డ పానం మీదికి నేను తెచ్చుకుంటనా?"

దానికి ఏం చెప్పాలి? కన్నతండ్రి కంటే నాకు ఎక్కువ ప్రేమ ఉందని చెప్పాలా? మళ్ళీ "లేదండీ" అన్నాను. నా గొంతు నాకే మొండిగా, అన్యాయంగా వినిపించింది.

"గట్లనా? సరే. మీరు రాకుంటే నేనే వస్త. బండేస్కొని వచ్చి నా బిడ్డను నేను తీస్కపోత."

ఫోన్ పెట్టేశాడు.

బస్సును ఆపగలిగాను, ఆ మనిషిని ఎలా ఆపను? నేను ఆపకపోయి ఉంటే అతను ఆ హాల్లో కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఇప్పుడు నా భయం వల్లే ఒక తండ్రి నీళ్ళలోకి బయలుదేరాడు. మళ్ళీ ఫోన్ చేశాను. తీయలేదు. మళ్ళీ చేశాను. బండి నడుపుతూ ఉండాలి.

నిఖిత గెలిచినట్టు నా వైపు చూసి, బస్సెక్కి తన బ్యాగు తెచ్చుకుని రోడ్డు అంచున నిలబడింది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను. దూరంగా, కొండల లోపల ఎక్కడో, బరువైన సామాను ఈడ్చినట్టు ఉరిమింది. ఒక ఎండు ఖర్జూరపు మట్ట నీళ్ళలో కొట్టుకొచ్చి గుంజకు తగులుకుని, విడిపించుకుని పోయింది.

"టీచర్, నీళ్ళు పెరిగినయా?"

"తెలియడం లేదు నిఖితా."

"ఇందాక ఆ గుంజ కాడ తెల్లరాయి ఒకటి కనవడ్డది. కనవడె గదా?"

"నేను గమనించలేదమ్మా."

"కనవడ్డది," అంది. మళ్ళీ కాసేపటికి, "ఏమో," అంది.

ఫోన్ తీసింది. తండ్రికి కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. బ్యాగు కింద పడేసి రెండు చేతులతో ఫోన్ పట్టుకుని మళ్ళీ కలిపింది. "ఎత్తు నాయినా, ఎత్తు," అని చిన్నపిల్లలా అంటోంది. ఇంతసేపూ దాటుదాం దాటుదాం అన్నది ఈ పిల్లే.

అప్పుడు అవతలి మలుపులో తెల్ల పికప్ కనిపించింది. వేగంగా వస్తోంది. ఆగేలా లేదు.

"నాయినా! ఒద్దు! రాకు!"

నిఖిత కిందికి పరుగెత్తింది. నేను వెనకే ఉరికి, ఆ నల్లకోటు మెడ పట్టుకుని గుంజాను. ఇద్దరం తడి రాళ్ళ మీద కూలబడ్డాం. పికప్ ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాయి. ఆ క్షణంలో నా వెనక బస్సు హారన్ మోగింది. మస్తాన్ భాయ్ హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం లేదు, లైట్లు వేసి ఆర్పుతున్నాడు. పిల్లలంతా చేతులూపుతూ అరుస్తున్నారు. నిఖిత కూర్చున్న చోటి నుంచే గొంతు చీలేలా అరుస్తోంది.

పికప్ ఆగింది. కాసేపు అలాగే నీళ్ళలో ముక్కు పెట్టి నిలబడింది. తరువాత మెల్లగా వెనక్కు ఎక్కింది.

ఆమెను లేపి కూర్చోబెట్టాను. మోకాలు కొట్టుకుపోయింది. నేనేమీ అడగలేదు, పాఠాలు చెప్పే సమయం కాదది. తనంతట తనే మాట్లాడింది.

"ఇందాక మేమంత బస్ల దాటుదామంటిమి టీచర్. అప్పుడు భయం గాలే. అందరు ఏం గాదన్నరని నమ్మిన. నాయిన దిగెటాళ్ళకు ఎవ్వని మాట గూడ నమ్మబుద్ది గాలే."

అవతలి ఒడ్డు వైపు చూస్తూ అంది.

"ప్రభువోళ్ళ నాయిన ఒరిస్సాల లేడు గదా టీచర్."

ఇన్నేళ్ళు ఆ పాఠం చెప్పాను. నాకు దొరకని జవాబు అది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, పిల్లల ముందే.

రాని వరద

ఇది చదువుతున్న కొత్త టీచర్లు ఈపాటికి వరద కోసం ఎదురు చూస్తుంటారు. మేడమ్ చెప్పినట్టే నీళ్ళు వచ్చాయి, అందరూ ఆమెకు దణ్ణం పెట్టారు అని. వరద రాలేదు. మేము ఉన్నంతసేపూ ఆ నీళ్ళు గుంజ మీది మొదటి రంగు దాటలేదు. మా కళ్ళ ముందే బళ్ళు అటూ ఇటూ దాటుతూనే ఉన్నాయి. మా బస్సు దాటి ఉంటే ఏమీ అయ్యేది కాదు. షీల్డు వేరే స్కూలు పట్టుకుపోయింది, ప్రసాదరావు గారి బీరువాలో అర ఖాళీగానే ఉండిపోయింది. ఆ తరువాత చాలాకాలం స్టాఫ్‌రూమ్‌లో ఎవరి గ్లాసులో నీళ్ళు ఒలికినా, "మేడమ్‌ను పిలవండి, దాటొచ్చో లేదో చెబుతారు" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఇంటికొచ్చి తిట్టుకునేదాన్ని.

మన పనిలో ఉన్న కష్టం ఇదే, ముందే తెలుసుకుని రండి. ఏమీ జరగకుండా ఆపినవాళ్ళ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ప్రభువు ఆ వారాల్లో బియ్యం ఓడలు పంపించి ఉంటే, అనవసరంగా ఖజానా ఖర్చు చేశాడని పార్లమెంటులో ఆయన్ని ఏకి పారేసేవారు. బతికినవాళ్ళు తాము చావబోయామని ఎరగరు కాబట్టి ఆయనకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉండరు. అయినా పంపించి ఉండాల్సింది. అక్కడున్నవాళ్ళు ఏం చెప్పారో అడగండి, అందరి మాటా వినండి, కానీ మీ చేతిలో ఉన్న పిల్లల్లో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరికి అవతలి ఒడ్డున ఉన్న లింగయ్యే అని అనుకుని అప్పుడు నిర్ణయం చేయండి. మీ నిర్ణయం తప్పయితే నలుగురినీ నవ్వనీండి. నవ్వుతో ఎవరూ చావరు.

ఆ రోజు సంగతి ముగిస్తాను. వెనక్కు తిరిగే ముందు పిల్లలకు అన్నం పెట్టాలి కదా, డబ్బాలు తెరిచాం. అవతల లింగయ్య పోలేదు. పికప్ వెనక తలుపు దించుకుని దాని మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. నీలం రంగు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, ఇంత దూరానికీ మడతలు తెలుస్తున్నాయి. మధ్యలో ఆ పలచటి నీళ్ళు. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు, ఎవరూ ఫోన్ తీయడం లేదు.

నిఖిత లేచింది. మట్టి అంటిన నల్లకోటు దులుపుకుని గుండీలు పెట్టుకుంది. నా వైపు చూసింది. నేను తల ఊపాను. నీళ్ళకు ఎడంగా ఒక పెద్ద రాయి మీదికి ఎక్కి నిలబడింది. నెలల తరబడి బట్టీ పట్టిన ఇంగ్లీషు వాదన ఎత్తుకుంటుందనుకున్నాను. పిల్లలు తినడం ఆపారు. మస్తాన్ భాయ్ బస్సు మెట్టు మీద కూర్చున్నవాడు టోపీ సర్దుకున్నాడు.

ఆమె తెలుగులో మొదలుపెట్టింది, తండ్రికి వినబడాలని. నేను లండన్‌ల కూసున్న ప్రభువును, అంది. ఒరిస్సాల మంది తిండిలేక సస్తున్నరని నాకు కబురొచ్చింది, అంది. ఆడ ఉన్నోళ్ళు ఏం గాదన్నరు, నేను నమ్మిన, అంది. అక్కడ ఆమె పాత వాదన మొదలవ్వాలి, నమ్ముడు తప్పా అని అడగాలి. అడగలేదు. తల దించుకుని తరువాతి మాట నోట్లోనే అంది.

అవతల లింగయ్య లేచి నిలబడ్డాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇనవడ్తలేదు బిడ్డా! జర గట్టిగ చెప్పు!"

నిఖిత రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిగా పట్టుకుంది.

"మంది సస్తున్నరని నాకెరుకే నాయినా! ఎరుకుండి గూడ ఏం జెయ్యలే!"